అడిగింది ఒకటి, జరిగింది ఇంకొకటి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రార్థించినదానికి విరుద్ధంగా జరిగినప్పుడు కలిగే కోపం గురించి, నిరాశ గురించి వచ్చిన ఉత్తరాలకే ఈసారి పేజీలన్నీ ఇచ్చేశాం. ఉత్తరాలను కుదించాం, పేర్లు తీసేశాం. అధ్యాయం, వచనం సంఖ్యలు ఇస్తున్నాం కాబట్టి బైబిలు పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా అమ్మ జబ్బుపడితే ఎనిమిది నెలలు ప్రార్థించాం. ఉపవాసాలున్నాం. సంఘమంతా మాతోపాటు మోకాళ్లూనింది. అయినా అమ్మ దక్కలేదు. ఇప్పుడు ప్రార్థనకు కూర్చుంటే మాటలకు బదులు కోపం వస్తోంది. "అంతా దేవుని చిత్తం, ఒప్పుకో" అంటున్నారు. దేవుడి మీద కోపపడటం పాపమా అయ్యగారూ?

జవాబు: అమ్మా, ముందు యోహాను సువార్త 11వ అధ్యాయం తీయండి. లాజరుకు జబ్బుగా ఉందని కబురు అందాక కూడా యేసు ప్రభువు ఉన్నచోటే రెండు రోజులు ఉండిపోయాడు (6వ వచనం). ఆయన వచ్చేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. మార్త ఎదురెళ్లి, "నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాడు" అంది (21). తర్వాత మరియ వచ్చి ఆయన పాదాల దగ్గర పడి అదే మాట అంది (32). ఆ నాలుగు రోజులూ అక్కాచెల్లెళ్లు ఇంట్లో ఒకరితో ఒకరు ఆ మాటే అనుకుని ఉంటారు. ప్రభువు వాళ్లిద్దరిలో ఎవరినీ గద్దించలేదు. మార్తతో కూర్చోబెట్టి మాట్లాడినట్టు మాట్లాడాడు. మరియ ఏడుస్తుంటే తానూ కన్నీళ్లు పెట్టుకున్నాడు (35). ఇంకాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు.

మీ నోట్లో ఆగిపోయిన మాట కూడా ఇదే. "నువ్వుంటే ఇలా జరిగేది కాదు" అని అనగలిగేది ఆయన్ని నమ్ముకున్నవాళ్లే. మీరు ఆయనకు దూరమైపోయారనడానికి ఈ కోపం రుజువు కాదు. ఆయన దగ్గర చెప్పుకోవాల్సింది మీలో ఇంకా మిగిలి ఉందని అర్థం. దాన్ని లోపల తొక్కిపెట్టి, పైకి "స్తోత్రం ప్రభువా" అంటూ కూర్చుంటే ప్రార్థన ఎండిపోతుంది. మీకు జరుగుతున్నది అదే. చెప్పాలనుకున్నది చెప్పనివ్వకపోతే మిగతా మాటలు కూడా నోట రావు.

కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలూ ఫిర్యాదులే. వాటిని ఎవరూ తీసెయ్యలేదు, దేవుని మందిరంలో పాడుకున్నారు. వాటిలో చిన్నగా, స్పష్టంగా ఉండే ఒకటి 13వ కీర్తన. మొత్తం ఆరు వచనాలు. మొదటి రెండు వచనాల్లో "ఎంతకాలం" అనే ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది, అంటే కీర్తనలో మూడో వంతు ఫిర్యాదుకే పోయింది. 3, 4 వచనాల్లో సూటిగా అడగడం ఉంది: నన్ను చూడు, జవాబివ్వు, నా కళ్లకు వెలుగివ్వు. నమ్మకం మాట వచ్చేది 5వ వచనంలో, పాట ఆరో వచనంలో.

మీరూ ఆ వరసలోనే రాయండి. కాగితం మీద, చేత్తో. తలుపు వేసుకుని ఇరవై నిమిషాలు చాలు. మొదట ఆయన్ని పేరుపెట్టి పిలవండి, మీకు ఏ పిలుపు అలవాటో ఆ పిలుపు. తర్వాత ఫిర్యాదు. ఇక్కడే చాలామంది తడబడతారు. "చాలా కష్టంగా ఉంది ప్రభువా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది ఫిర్యాదు కాదు, మర్యాద. "ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో గోడకానుకుని నిన్ను అడిగాను. డాక్టరు తలుపు తీసుకుని వచ్చినప్పుడు ఆయన మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. అప్పుడు నువ్వెక్కడున్నావు?" ఇలా రోజు, చోటు, అన్న మాట, అన్నీ పెట్టి రాయండి. మూడోది, ఇవాళ మీకు ఏం కావాలో అడగండి. అమ్మను తిరిగి ఇమ్మని అడగలేరు. కానీ ఈ రాత్రి నిద్ర ఇవ్వమని, అమ్మ చీర మడతపెట్టేటప్పుడు చేతులు వణకకుండా చూడమని అడగొచ్చు. నాలుగోది నమ్మకం మాట. నిజంగా వస్తేనే రాయండి. రాకపోతే ఆ స్థలం ఖాళీగా వదిలి, తేదీ వేసి, కాగితం మడిచి బైబిల్లో పెట్టుకోండి.

ఖాళీగా వదలడమేమిటి అనుకోకండి. 88వ కీర్తన 18 వచనాలూ చీకట్లోనే నడిచి, చీకట్లోనే ముగుస్తుంది. చివర్లో "అయినా నిన్ను స్తుతిస్తాను" అనే మాట లేదు. కానీ అంత చీకట్లోనూ ఆ మనిషి ఆయన్నే పిలుస్తున్నాడు. 1, 9, 13 వచనాలు చూడండి. అది కూడా ప్రార్థనే.

ఇక "ఒప్పుకో" అంటున్నవాళ్ల సంగతి. అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి స్నేహితులు వచ్చిన కొత్తలో ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు (యోబు 2:13). అంతవరకూ బాగానే ఉంది. నోరు తెరిచి దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాకే చెడింది. చివరికి దేవుడి కోపం రగిలింది వాళ్ల మీద; యోబులాగా మీరు నన్ను గురించి సరిగ్గా మాట్లాడలేదు అన్నాడు (42:7). పుట్టిన రోజును శపించుకున్న యోబు మాటలు అన్నీ చదివి, తర్వాత ఈ వచనం చదవండి. మిమ్మల్ని తొందరపెట్టేవాళ్లతో "ఇంకా ఆ మాట దగ్గరకు రాలేదండీ, నాతో కాసేపు కూర్చోండి చాలు" అనండి. కూర్చునేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, వాళ్లను వదులుకోకండి.

ప్రశ్న: అరణ్యంలో సణిగినందుకు ఇశ్రాయేలీయులు శిక్ష పొందారు కదా. కీర్తనకారుడు చేస్తే మొర, వాళ్లు చేస్తే సణుగుడు ఎలా అయింది? నేను చేస్తున్నది ఏదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: చాలా మంచి ప్రశ్న. సంఖ్యాకాండం 11వ అధ్యాయం ఒక్కటి నిదానంగా చదివితే తేడా కళ్ల ముందే కనబడుతుంది. ఒకే అధ్యాయంలో రెండు గొంతులున్నాయి. జనం మాంసం కోసం ఎవరి గుడారం గుమ్మంలో వాళ్లు కూర్చుని ఏడ్చారు (10). మోషే కూడా అలిసిపోయాడు. "ఈ జనాన్నంతా నేనే కన్నానా? నామీద ఎందుకింత భారం పెట్టావు? ఇలాగే చేసేటట్టయితే నన్ను చంపెయ్" అన్నాడు (11 నుంచి 15). మాటల తీవ్రత చూస్తే మోషేవే ఘాటు. కానీ జనానికి తెగులు వచ్చింది, మోషేకు డెబ్బైమంది పెద్దలు సాయం వచ్చారు (16).

మోషే ఎవరితో అన్నాడో చూడండి. దేవుడితోనే, ముఖాముఖి. జనం గుడారాల్లో కూర్చుని ఆయన్ని గురించి మాట్లాడుకున్నారు. ద్వితీయోపదేశకాండం 1:27లో వాళ్ల మాట ఇంకా తేటగా ఉంది: ఆయనకు మనమంటే ద్వేషం, అందుకే ఐగుప్తు నుంచి తీసుకొచ్చాడు అని తీర్పు చెప్పేశారు. మొర పెట్టేవాడు "ఎందుకు?" అని అడిగి ఆగుతాడు. సణిగేవాడు జవాబు కూడా తనే చెప్పేసి, వెనక్కి వెళ్లిపోదాం పదండి అంటాడు (సంఖ్యాకాండం 14:4).

మిమ్మల్ని మీరు పరీక్షించుకోవాలంటే గత వారంలో అన్న మాటలు గుర్తుచేసుకోండి. దేవుడి మీద ఉన్న కోపం గురించి భార్యతో, స్నేహితులతో, ఫోన్‌లో ఎన్నిసార్లు అన్నారు? ఆయనతో ఎన్నిసార్లు అన్నారు? మొదటిది పదిసార్లు, రెండోది సున్నా అయితే అదే మాటను తిప్పి ఆయనతో అనండి. "ఆయన నన్ను పట్టించుకోలేదు" అన్నది "నువ్వు నన్ను పట్టించుకోలేదు" అవుతుంది. ఒక్క సర్వనామం మారింది, అంతే. కానీ అలా అనేటప్పుడు గొంతు ఎలా మారుతుందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఒక సంబంధం గురించి ప్రార్థిస్తుంటే ఒక వాక్యం స్పష్టంగా కనబడింది. ఇదే దేవుని చిత్తమని నమ్మాను, ఇంట్లో అందరికీ చెప్పాను. నిశ్చితార్థమయ్యాక అవతలివాళ్లు ఏదో దాచారని తేలి ఆగిపోయింది. దేవుడు నన్ను మోసం చేశాడా? ఇక ఆయన మాట ఎలా నమ్మను?

జవాబు: సహోదరీ, మీ ఉత్తరంలో రెండు కోపాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తేనే ఊపిరి ఆడుతుంది.

ఒకటి, వాళ్లు దాచిపెట్టిన విషయం. అది వాళ్లు చేసిన తప్పు. దాన్ని దేవుడి ఖాతాలో వేయకండి. "అదీ దేవుని చిత్తమేలే" అని కప్పేస్తే అబద్ధమాడినవాళ్లు తప్పించుకుంటారు, మీ కోపం మాత్రం ఆయన మీద మిగిలిపోతుంది. యోసేపు తన అన్నలతో, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడని చెప్పేటప్పుడు కూడా, మీరు నాకు కీడు చేయాలనే అనుకున్నారు అని ముందు చెప్పాడు (ఆదికాండం 50:20). కీడును కీడు అన్నాకే రెండో మాట అన్నాడు. పైగా ఆ మాట అనడానికి ముందు ఎన్నో ఏళ్లు గడిచాయి. మీది ఇంకా పచ్చిపుండు. ఇప్పుడే "ఇందులో మేలేమిటో" అని వెతుక్కోనక్కర్లేదు.

రెండోది, ఆ వాక్యం. ఇది నొప్పి కలిగించే మాటే అయినా చెప్పాలి. దేవుడు చెప్పింది వేరు, మనకు అర్థమైంది వేరు కావచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, ప్రవక్తకే జరిగింది. దావీదు మందిరం కడతానంటే నాతాను, నీ మనసులో ఉన్నదంతా చెయ్యి, యెహోవా నీకు తోడున్నాడు అన్నాడు (2 సమూయేలు 7:3). ఆ రాత్రే దేవుడు నాతానుతో, కాదు అని చెప్పాడు. పాపం నాతాను మళ్లీ రాజు దగ్గరకెళ్లి ముందు చెప్పింది సరిచేసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ అతన్ని అబద్ధ ప్రవక్త అనలేదు.

ఇకముందు ఏదైనా వాక్యం మనసును తాకితే, ఆ అధ్యాయమంతా చదివి అది ఎవరితో, ఎప్పుడు, దేని గురించి అన్నదో చూడండి. మన కోరిక బలంగా ఉన్నప్పుడు ఏ పేజీ తీసినా అదే కనబడుతుంది. మీ కోరికతో సంబంధం లేని, మీకు "కాదు" అని చెప్పే ధైర్యమున్న ఒక పెద్దమనిషితో మాట్లాడండి. విచారించాల్సినవి విచారించండి, ప్రార్థన చేశాం కదా అని వివరాలు కనుక్కోవడం మానేయడం భక్తి కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, "దేవుడు నాకు చెప్పాడు" అనే మాటను "నాకు ఇలా అనిపిస్తోంది" అని మార్చి చెప్పండి. రేపు అది నిలవకపోతే మీరు కోల్పోయేది ఒక అంచనాయే, దేవుణ్ణి కాదు.

ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో తెలియక నలిగిపోతున్నారని ఉత్తరం చూస్తే అర్థమవుతోంది. "నేను తప్పుగా అర్థం చేసుకున్నాను" అని ఒక్కసారి చెప్పండి. అంతకంటే వివరణ ఎవరికీ బాకీ లేరు.

ప్రశ్న: పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ఆదివారం ఎవరో ఒకరు సాక్ష్యం చెబుతారు, ప్రార్థించాం, బిడ్డనిచ్చాడు అని. అందరూ చప్పట్లు కొడతారు. నాకు కడుపు మండుతుంది. అలా మండినందుకు మళ్లీ ఏడుపొస్తుంది. హన్నాలా ప్రార్థించు అంటారు. అంతకంటే ఎక్కువే ప్రార్థించాను.

జవాబు: అమ్మా, ఆ చప్పట్ల మధ్య మీరు కూర్చున్న కుర్చీ ఎంత ఒంటరిదో ఊహించగలం. సంఘ పెద్దలు ఈ ఉత్తరం చదవాలని కోరుకుంటున్నాం. దొరికినవాళ్ల సాక్ష్యం చెప్పించే ప్రతిసారీ దొరకనివాళ్ల కోసం అదే వేదిక మీద ఒక ప్రార్థన చేయించడానికి రెండు నిమిషాలు పడుతుంది.

హన్నా కథను మీకు సూత్రంలా చెబుతున్నారు: ఇంత ఏడిస్తే ఇంత ఫలితం అని. 1 సమూయేలు 1వ అధ్యాయం అలా లేదు. పిల్లల్లేని హన్నాను ఆమె సవతి ఏటేటా ఏడిపించేది (7). ఆమె తిండి మానేసింది. భర్త ప్రేమతోనే, పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కాదా అని అడిగాడు (8). ప్రేమున్నా ఆ మాట ఆమె బాధను తాకలేదు. పెదవులు కదుపుతూ ప్రార్థిస్తుంటే యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు (13). ఇంట్లోనూ గుడిలోనూ ఆమె బాధ ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. నా ఆత్మను కుమ్మరించుకున్నాను అందామె. ఆ తర్వాత 18వ వచనం జాగ్రత్తగా చూడండి: వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖం మునుపటిలా దుఃఖంగా లేదు. అప్పటికి ఆమె కడుపు పండలేదు. ఏలీ ఇచ్చిన దీవెన తప్ప చేతిలో ఏమీ లేదు. బిడ్డ పుట్టడం మీ చేతిలో లేదు, ఎవరూ వాగ్దానం చేయకూడదు. కుమ్మరించుకోవడం మాత్రం మీరు చేయగలిగింది.

అసూయను కూడా దాచుకోకండి. 73వ కీర్తన రాసిన ఆసాపు, గర్విష్ఠులను చూసి అసూయపడ్డానని మూడో వచనంలోనే ఒప్పుకున్నాడు. మీ విషయంలో అవతలివాళ్లు చెడ్డవాళ్లు కాదు, అందుకే మీకు ఇంకా సిగ్గుగా ఉంది. "ఆమె బిడ్డను చూస్తే నాకు మంటగా ఉంది, నాకెందుకివ్వలేదు?" అని పేరుతో సహా ఆయన దగ్గర చెప్పేస్తే, ఆ మంట ఆమె మీదకు వెళ్లకుండా ఆగుతుంది. చెప్పకుండా దాస్తే ఏదో ఒక రోజు చూపులోనో మాటలోనో బయటపడుతుంది.

సాక్ష్యాల సమయంలో కాసేపు బయటికెళ్లి రావడం తప్పు కాదు. ఏదైనా వేడుకకు వెళ్లలేకపోతే ముందే "మీ సంతోషం నాకూ సంతోషమే, ఈసారికి రాలేను" అని చెప్పండి. మీ భర్తతో కూడా ఈ కోపం గురించి ఒకసారి మాట్లాడండి. ఆయనకూ ఉండి ఉంటుంది, మిమ్మల్ని బాధపెట్టకూడదని నోరు కట్టుకుని ఉంటారు.

ప్రశ్న: వ్యాపారం పోయాక మా ఆయన ప్రార్థన మానేశారు, సంఘానికి రావట్లేదు. ఎంత చెప్పినా వినరు. ఏం చేయాలి?

జవాబు: చెప్పడం ఆపండి. దేవుని మందసాన్ని (ఒడంబడిక పెట్టెను) తెస్తుండగా దాన్ని పట్టుకున్న ఉజ్జా చనిపోయినప్పుడు దావీదు కోపపడ్డాడు, భయపడ్డాడు, దాన్ని తన ఊరికి తేనని ఓబేదెదోము ఇంట్లో పెట్టించాడు (2 సమూయేలు 6:8-10). మూడు నెలలు అలాగే వదిలేశాడు. దావీదంతటివాడికే ఎడం కావాల్సి వచ్చింది. మీ ఆయనకు వాక్యాలు మెసేజ్ చేయడం, పాస్టరుగారిని చెప్పకుండా ఇంటికి తీసుకురావడం, పిల్లల చేత "నాన్నా రా" అనిపించడం, ఇవన్నీ ఎదురుతిరుగుతాయి. "మీ కోపం నాకు అర్థమవుతోంది, నాకూ ఆ ప్రశ్నే ఉంది" అని ఒకసారి అనండి. మీరు మీ ప్రార్థన మానకండి, చాటుగా కాకుండా, ప్రదర్శనగా కాకుండా. ఆయన అప్పుల లెక్కలతో ఒంటరిగా కుస్తీ పడుతుంటే పక్కన కూర్చోండి. దేవుడి మీద కోపమనుకునేదాంట్లో కొంత భయం ఉంటుంది.

ప్రశ్న: "నీ చిత్తమే జరుగును గాక" అని మొదట్లోనే అనేస్తే ఇక అడగడమెందుకు? అడుగుతూనే ఉంటే లోబడనట్టా? ఎన్నిసార్లు అడగాలి?

జవాబు: పట్టుబడబోయే రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు చేసిన ప్రార్థన వరస మార్కు 14:36లో ఉంది. తండ్రీ, నీకు అన్నీ సాధ్యమే. ఈ గిన్నె (రాబోయే శ్రమ) నా దగ్గర నుంచి తొలగించు. అయినా నా ఇష్టం కాదు, నీ ఇష్టమే. మూడు ముక్కలు. మనం మధ్య ముక్క ఎగరగొట్టేసి మూడోదానికి దూకుతాం. నా ఇష్టం ఏమిటో నోరు తెరిచి చెప్పకుండా "నా ఇష్టం కాదు" అంటే అప్పజెప్పినదేముంది? ఆ మాట ఆయన ఒకేసారి అని ఊరుకోలేదు. మళ్లీ వెళ్లి అదే మాట అన్నాడు (39). మూడోసారి కూడా అన్నాడని మత్తయి రాశాడు (26:44). లోబడటం ఒక్క రాత్రిలోనే మూడుసార్లు చేయాల్సి వచ్చిందంటే, మనకు నెలలు పడితే ఆశ్చర్యమా?

ఇన్నిసార్లు అని లెక్క లేదు. పౌలు తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధను తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే, నా కృప నీకు చాలు అని జవాబొచ్చింది (2 కొరింథీయులు 12:8-9), అక్కడితో ఆపాడు. మోషే యొర్దాను దాటనివ్వమని బతిమాలితే, చాలు, ఈ సంగతి ఇక ఎత్తకు అన్నాడు దేవుడు (ద్వితీయోపదేశకాండం 3:26). మనకు అంత తేటగా వినబడకపోవచ్చు. అడిగిన తలుపు పూర్తిగా మూసుకుపోయి ఉంటే, అంటే ఆ మనిషి చనిపోయి ఉంటే, లేదా వేరే పెళ్లయిపోయి ఉంటే, అడగడం ఆపి ఏడవడం మొదలుపెట్టాలి. ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉంటే, అడగడంలా కనబడినా అది ఒప్పుకోకపోవడమే కావచ్చు. తలుపు ఇంకా తెరిచే ఉంటే అడగండి.

"నువ్విది చేస్తే నేనది చేస్తాను" అని బేరం మాత్రం పెట్టకండి. జరగకపోతే ఆయన మాట తప్పినట్టు అనిపిస్తుంది. ఒప్పందం మీద సంతకం చేసింది మీరొక్కరే అని అప్పుడు గుర్తు రాదు.

ప్రశ్న: పరీక్షలో మూడోసారీ పోయింది. దేవుడు నన్ను వదిలేశాడు. నెల రోజులుగా నిద్ర లేదు, తినబుద్ధి కావట్లేదు. బతకడం ఎందుకనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరానికి విడిగా కూడా జవాబు పంపాం. ఇక్కడ రాస్తున్నది నీలా ఉన్న మిగతావాళ్ల కోసం కూడా.

ఏలీయా ప్రవక్త ఒక చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు (1 రాజులు 19:4). దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినిపించి, నీ ప్రయాణం చాలా దూరం అన్నాడు (7). ఆత్మీయ ప్రశ్నల సంగతి హోరేబు కొండ దగ్గరకు వెళ్లాకే వచ్చింది, అది నలభై రోజుల నడక తర్వాత.

రెండు వారాలకు మించి రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి పాడవడం ఉంటే అది కుంగుబాటు జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లడం విశ్వాసం తక్కువవడం కాదు. మందు వాడుతూ ప్రార్థించవచ్చు. "ప్రార్థిస్తే పోతుంది" అని వైద్యం ఆపించేవాళ్ల మాట వినకు.

చనిపోవాలనే ఆలోచన వస్తుంటే వారం ఆగొద్దు. ఈ రాత్రే ఇంట్లో ఒకరిని లేపి, "నాకు చనిపోవాలనిపిస్తోంది, నన్ను ఒంటరిగా వదలకండి" అని ఈ మాటల్లోనే చెప్పు. చుట్టుతిప్పి చెబితే వాళ్లకు అర్థం కాకపోవచ్చు. హాని చేసుకోగలిగే వస్తువేదైనా దగ్గరుంటే వాళ్ల చేతికివ్వు. తెల్లారేదాకా వాళ్ల గదిలోనే పడుకో, పొద్దున్నే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లండి. రాత్రి ఆగలేనంతగా ఉంటే అప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి, అత్యవసర విభాగం తెరిచే ఉంటుంది.